చుక్క పొడవకముందు బెల్లం

గుంటూరు వైపు జనం మిరపకాయలు కొనడానికి వెళతారు, పత్తి కొనడానికి వెళతారు. నేను రక్తం అడగడానికి వెళ్ళాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక కార్తీక మాసం సంగతి ఇది. అప్పుడు నేను హైదరాబాదులోని ఒక పరిశోధనాలయంలో చిన్న ఉద్యోగినిని. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే కావడం వల్ల, ఏ పని అప్పగించినా కాగితం మీద ఉన్నది ఉన్నట్లు చేయాలన్న పట్టుదల నాకు ఎక్కువ. ఈ ప్రయాణంలో నా తప్పు కూడా ఆ పట్టుదలలోంచే పుట్టింది.

ముందు పని ఏమిటో చెప్పాలి. కొన్ని కుటుంబాలలో ఒక జన్యులోపం తరతరాలుగా దిగి వస్తుంది. అది ఉన్నవారికి మెడలోని చిన్న గ్రంథులలోనూ, మెదడు కింది గ్రంథిలోనూ, క్లోమంలోనూ కణితులు మొలుస్తాయి. తల్లికో తండ్రికో ఉంటే, పిల్లలలో ఒక్కొక్కరికి రావడానికీ రాకపోవడానికీ సమానమైన అవకాశం. మెడ గ్రంథులు చెడితే మూత్రపిండాలలో రాళ్ళు పడతాయి. క్లోమంలో పుట్టే కణితి మాత్రం చాలా చిన్నది. చేతికి అందదు, ఆ రోజుల స్కానింగులకు తరచు దొరికేది కాదు. అయితే అది ఊరికే కూర్చోదు. కడుపులో ఆమ్లాన్ని పెంచే గ్యాస్ట్రిన్‌నో, చక్కెరను దించే ఇన్సులిన్‌నో రక్తంలోకి వదులుతూ ఉంటుంది. వంటింట్లో ఎండుమిరపకాయలు పోపులో వేస్తే, పొయ్యి కనబడకపోయినా వీధిలో పోయేవాడు తుమ్ముతాడు కదా. మేము రక్తంలో వెతికేది ఆ తుమ్మునే.

మా ఆస్పత్రికి రాళ్ళ బాధతో వచ్చిన వీరయ్య గారనే సత్తెనపల్లి వైపు రైతు ద్వారా ఈ కుటుంబం మాకు తెలిసింది. ఆయన ఇంటివారి నుంచీ, పెదకాకానిలో ఉన్న ఆయన చెల్లెలి ఇంటివారి నుంచీ పరగడుపున రక్తం తీసి, చల్లగా హైదరాబాదు చేర్చడం నా పని. చెల్లెలి ఇంటికి నేను కార్తీక సోమవారాన్ని ఎంచుకున్నాను. ఆ రోజు అందరూ ఉపవాసమే ఉంటారు, పరగడుపు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదని నా ఆలోచన. మా పెద్ద డాక్టరు గారు కూడా మెచ్చుకున్నారు. ఫోను చేసి, "సోమవారం అందరూ ఉపవాసంతో ఉండండి, ఒక్కరు కూడా ఏమీ తినకూడదు" అని రెండుసార్లు చెప్పాను.

గుంటూరు: ఐసు వేట

గుంటూరులో నాకు తోడుగా వచ్చినవారు సాంబయ్య గారు. పాతికేళ్ళుగా ప్రయివేటు ల్యాబుల్లో రక్తం తీసిన చేయి ఆయనది. బస్టాండులో నన్నూ నా ఐసు పెట్టెనూ మార్చి మార్చి చూసి, "ఏందమ్మా, పుల్ల ఐసు అమ్మేదానికి వచ్చినట్టున్నావే" అన్నారు.

ఆ మాట తర్వాత నిజమే అయింది. సత్తెనపల్లి బస్సులో ఇద్దరు పిల్లలు నా పెట్టె మూత తీయించి, లోపల గాజు గొట్టాలు చూసి, మోసపోయినట్లు ముఖాలు పెట్టారు.

ఐసు కోసం ఊరంతా తిరిగాం. ఊరి చుట్టూ మిరపకాయల కోల్డు స్టోరేజీలు బారులు తీరి ఉన్నాయి. "ఇంత చల్లదనం పెట్టుకుని చేతికి ముక్క ఐసు దొరకదేమండీ?" అన్నాను. "ఆ చల్లదనం మిరపకాయలకమ్మా. మనుషులకి ఎండే" అన్నారు సాంబయ్య గారు. చివరికి ఒక ఐసు ఫ్యాక్టరీలో సగం దిమ్మె పదిహేను రూపాయలకు ఇచ్చి, పైన ఊక చల్లి గోనెపట్టాలో చుట్టారు. ఊక చల్లితే కరగదని మా ప్రయోగశాలలో ఎవరూ నాకు చెప్పలేదు.

మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనం ఇరవై రూపాయలు. గోంగూర పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకోగానే నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. వడ్డించే ఆయన నెయ్యి గిన్నె తెచ్చి, అడక్కుండానే మూడు గరిటెలు వేసి, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. విజయనగరం వైపు అన్నాను. "అదీ సంగతి" అని ఇంకో గరిటె వేశాడు. మా వైపు పొద్దున్నే రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగి పనిలోకి వెళతారు. ఇక్కడ పొద్దు కాఫీతో మొదలవుతుంది. కాఫీ తాగనివాడికి తెల్లవారనట్లే లెక్క. ఈ తేడాను నేను అప్పుడు సరదాగా పుస్తకంలో రాసుకున్నాను. దాని అసలు విలువ సోమవారం తెలిసింది.

సత్తెనపల్లి దాటాక: మూడు తీతలు

ఆదివారం ఉదయం వీరయ్య గారి ఊరు చేరేసరికి పత్తి చేలు తెల్లగా పగిలి ఉన్నాయి. ఆడవాళ్ళు నడుముకు చీరలు ఒడి కట్టుకుని పత్తి తీస్తున్నారు. పక్క చేలలో మిరప ఇంకా పచ్చగా పూత మీద ఉంది.

వీరయ్య గారు మమ్మల్ని కూర్చోబెట్టి, లోపలి నుంచి ఒక చిన్న మందు సీసా తెచ్చి నా అరచేతిలో ఒంపారు. మూత్రపిండాల రాళ్ళు. "ఇది మొదటి తీత, ఇది రెండో తీత, ఇది మూడోది. మా పత్తి కంటే నా ఒళ్ళే బాగా పండిద్దమ్మా" అని పకపకా నవ్వారు.

రక్తం తీసే ముందు నా కాగితంలోని ప్రశ్నలు వరుసగా అడిగాను. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నారు. తలుపు వెనుక నుంచి ఆయన భార్య, "మరి తెల్లారగానే మింగే ఆ గ్యాసు బిళ్ళేంది?" అన్నది.

"అది మందంటావా? అది మింగకపోతే నీ చేతి కారం ఎట్టా తింటా?"

"నా కారాన్నంటావే! ఊళ్ళో అందరూ తినట్లా?"

"అందరూ మింగుతున్నారు కూడాను."

ఊరి ఆర్ఎంపీ డాక్టరు నాలుగేళ్ళ కిందట ఇచ్చిన బిళ్ళ అది. నేను కలం ఆపేశాను. ఆ రకం బిళ్ళ కడుపులో ఆమ్లాన్ని అణచివేస్తుంది. ఆమ్లం తగ్గిందని శరీరం గ్యాస్ట్రిన్‌ను తనంతట తాను పెంచుకుంటుంది. కణితుల జాడ చెప్పే మరో పదార్థం, క్రోమోగ్రానిన్ కూడా దాంతో పెరుగుతుంది. అంటే కణితి లేకపోయినా రక్తం ఉందని సాక్ష్యం చెప్పవచ్చు. పోనీ బిళ్ళ ఆపమందామా అంటే, నిజంగా కణితే ఉంటే ఆమ్లం ఒక్కసారిగా విరుచుకుపడి కడుపులో పుండ్లు పగలవచ్చు. అది డాక్టర్లు దగ్గరుండి తేల్చవలసిన విషయం. బిళ్ళ పేరు రాసుకుని, ఆపవద్దని చెప్పి, రక్తం తీయించాను.

గోడ మీద ఒక స్త్రీ పటానికి బంతిపూల దండ ఉంది. వీరయ్య గారి తల్లి. నలభై ఏళ్ళు నిండకుండానే పోయిందట.

"ఎలా పోయారండీ?" అని అడిగాను.

ఆయన లేచి నిలబడి చెప్పారు. "కార్తీక సోమవారం, ఉపవాసం. దీపం పెట్టి అట్టాగే పక్కకి ఒరిగింది. చుక్క పొడిచేలోగా పోయింది. అంత పుణ్యం ఎవరికి దొరికిద్దమ్మా? ఊరు ఊరంతా వచ్చి కాళ్ళకి మొక్కింది."

"అంతకుముందు ఏమైనా జబ్బుగా ఉండేదా?"

"జబ్బేం లేదు. పొద్దున్నే కాస్త మాట తడబడేది. ఒక్కోసారి మమ్మల్ని కూడా గుర్తుపట్టేది కాదు. ఇంత అన్నం తింటే మళ్ళీ మామూలే. మా చెల్లెలికీ ఆ మగత వచ్చింది. వాళ్ళత్త బెల్లం పెట్టి సాకుతోంది."

తిరుగు బస్సులో ఆ మాటలు నన్ను వదలలేదు. అన్నం తింటే మామూలే. ఇన్సులిన్ వదిలే కణితి గురించి పుస్తకాలు చెప్పేది అదే కదా. అలాంటి అనుమానం ఉంటే, తిండి మాన్పించి చక్కెర ఎంత పడుతుందో చూసే పరీక్ష ఒకటుంది. దాన్ని ఆస్పత్రి మంచం మీద, డాక్టర్ల కళ్ళ ముందు మాత్రమే చేయాలి. రాత్రి భోంచేసి ఉదయం ఏడింటికి రక్తం ఇస్తే ప్రమాదమేమీ ఉండదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సత్తెనపల్లి బస్టాండులో ఎస్టీడీ బూతు ఎదురుగానే ఉంది. నేను ఫోను చేయలేదు.

పెదకాకాని: ఎవరు ఉపవాసం, ఎవరు కాదు

సోమవారం ఏడు గంటలకే పెదకాకాని గుడి దారి జనంతో నిండిపోయింది. తడి జుట్టుతో ఆడవాళ్ళు, అరటిదొన్నెల్లో ఒత్తులు. చెల్లెలు రాజ్యలక్ష్మి గారి ఇల్లు గుడికి రెండు వీధుల అవతల. ఆమెకు ముప్ఫై నాలుగేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. భర్త చేలో పత్తి తీత దగ్గర ఉన్నాడు. ఇంటి పెద్ద ఆమె అత్తగారు, కోటమ్మ గారు.

పెద్దపిల్ల చేతిని సాంబయ్య గారు పట్టుకోగానే నేను అలవాటుగా అడిగాను: "ఏమీ తినలేదు కదమ్మా?"

"లేదండి. కాఫీ తాగానంతే."

చిన్నదీ తాగింది. కోటమ్మ గారైతే రెండుసార్లు తాగారు. "అయ్యో, ఏమీ తీసుకోవద్దని చెప్పాం కదండీ" అన్నాను.

"ఉపవాసమే గదమ్మా ఉన్నాం! కాఫీ తిండి ఎట్టా అయిద్ది? శివుడికి లేని అభ్యంతరం నీకేంది?" అన్నారు కోటమ్మ గారు.

పాలూ పంచదారా వేసిన కాఫీ. పిల్లల పరీక్షలన్నీ ఆ రోజుకు పోయినట్లే. సాంబయ్య గారు గొట్టాలు వెనక్కి సర్దుతూ, గోడకేసి తిరిగి నవ్వుకున్నారు.

అప్పుడు దేవుడి గది నుంచి రాజ్యలక్ష్మి గారు వచ్చారు. ఆమె ఒక్కతే కాఫీ తాగలేదు. మంచినీళ్ళు కూడా రెండు గుక్కలే. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె మళ్ళీ ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

కోటమ్మ గారు మండిపడ్డారు. "పన్నెండేళ్ళ నించి నేను దీన్ని ఒక్క ఉపవాసం ఉండనియ్యలేదు. కార్తీకం లేదు, శివరాత్రి లేదు. కొంగున బెల్లం కట్టనిదే గడప దాటనియ్యను. ఇప్పుడు నువ్వు ఫోను చేసి ఒక్కరు కూడా తినకూడదంటివి. హైదరాబాదు డాక్టరమ్మే ఉండమన్నది, నీకేందత్తా అంటది!"

"నేను డాక్టరును కాదండీ" అన్నాను. ఆ మాట ఎవరికీ పనికిరాలేదు.

రాజ్యలక్ష్మి గారు నెమ్మదిగా నవ్వి చేయి చాపారు. "మా అమ్మ ఉపవాసంలోనే పోయిందండి. ఆమె కడుపున పుట్టి ఒక్క సోమవారం కూడా ఉండలేకపోయానని నాకు బాధ. ఈ వంకతో దక్కింది."

రక్తం తీశాం. నా దగ్గరున్న చిన్న మీటరులో చుక్క వేస్తే చక్కెర యాభై దగ్గర నిలిచింది. తక్కువ. కానీ మనిషి చక్కగా మాట్లాడుతోంది. ఇక తినేయండి అన్నాను. చుక్క చూశాకే అన్నది. ఇంకోసారి చెప్పాను. తల అడ్డంగా ఊపి ఒత్తులు చేసుకోవడానికి కూర్చుంది.

మూడోసారి నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో పాఠకులకు దాచడం న్యాయం కాదు. యాభై దగ్గరి రక్తం అనుమానం మాత్రమే చెబుతుంది. మగత వచ్చిన క్షణంలో, చక్కెర అడుగంటినప్పుడు తీసిన రక్తంలో కూడా ఇన్సులిన్ తగ్గకుండా ఉందంటే, కణితి ఉన్నట్లు దాదాపు తేలిపోతుంది. ఆ సమాధానం నా ఎదుట కూర్చుని ఒత్తులు చేస్తోంది. పిల్లల కాగితాలు నింపే నెపంతో నేను అరుగు మీదే ఉండిపోయాను.

తొమ్మిదిన్నర దాటాక ఒత్తులు చేసే చేయి ఆగింది. ఆమె నుదుటి మీద చెమట. నన్ను చూసి, "అమ్మా, ఎప్పుడొచ్చావే?" అన్నది. తర్వాత దూదిని నూనె గిన్నెలో కాకుండా నేల మీద అద్దడం మొదలుపెట్టింది.

"అత్తయ్యగారూ, బెల్లం!" అని నేనే కేక వేశాను. కోటమ్మ గారు అప్పటికే వస్తున్నారు. ఉట్టి మీద బెల్లం డబ్బా ఆ ఇంట్లో ఎవరికైనా చీకట్లో కూడా అందుతుందట. సాంబయ్య గారు సూది పట్టుకుని నా వైపు చూశారు.

"సూదా, బెల్లమా? ఏది ముందు?" అని గద్దించారు కోటమ్మ గారు.

"బెల్లం ముందు. ఆయన ఆ చేయి చూసుకుంటారు."

ఆమె బెల్లాన్ని వేళ్ళతో నలిపి కోడలి చెంప లోపల రుద్దుతూ ఉంటే, సాంబయ్య గారు రెండో చేతి నుంచి గొట్టం నింపారు. బెల్లం రక్తంలోకి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గొట్టం నిండడానికి అర నిమిషం చాలు. గొట్టం మీది చీటీలో పేరు నేను గబగబా గీకాను. ఆ చీటీ ఇప్పటికీ మా రికార్డులో వంకరగానే ఉంది.

పావుగంటకు రాజ్యలక్ష్మి గారు కళ్ళు నిలిపి చూశారు. నోట్లో తీపి తెలియగానే ఏడ్చారు. "ఉపవాసం చెడగొట్టావా అత్తా?"

అదే ఇల్లు, చుక్క పొడిచే వేళ

హైదరాబాదుకు ఫోను చేస్తే పెద్ద డాక్టరు గారు నాకిచ్చిన మెప్పంతా వెనక్కి తీసుకున్నారు. "ఆ పరీక్ష ఆస్పత్రిలోనే చేయాలని నీకు తెలుసు. తెలిసే కూర్చున్నావు" అన్నారు. అవునండీ అన్నాను. ఆమెకు గంటగంటకూ ఏదో ఒకటి పెట్టించి, రేపు ఉదయమే గుంటూరు ఆస్పత్రిలో చేర్పించి గానీ కదలవద్దన్నారు.

మధ్యాహ్నం కోడలికి పెరుగన్నం కలిపి ఎదురుగా పెట్టారు కోటమ్మ గారు. ఆమె ముట్టలేదు.

"తిను. నీ ఉపవాసం మిగతాది నేనుంటా."

"నువ్వు కాఫీ తాగావుగా అత్తా."

"ఆ కాఫీ సంగతి శివుడికీ నాకూ మధ్య. నువ్వు తిను."

ఆమె తిన్నది. కోటమ్మ గారు ఆ తర్వాత మంచినీళ్ళు కూడా ముట్టకుండా గడప దగ్గర కూర్చున్నారు. నన్ను మాత్రం తినమన్నారు. "నువ్వు కూడా పడిపోతే ఎవరికని రుద్దేది?" అన్నారు. ఆ పూట ఆవిడ వడ్డించిన పచ్చిమిరప తొక్కు నాకు కారంగా అనిపించలేదంటే నమ్మాలి.

సాయంత్రం వీరయ్య గారు కబురు విని వచ్చారు. చెల్లెలిని చూశారు. తర్వాత నన్ను పక్కకు పిలవలేదు, అందరి ముందే అడిగారు.

"అమ్మాయ్, మా అమ్మ నోట్లో ఆ రోజు ఇంత బెల్లం పెట్టుంటే బతికేదా?"

నా దగ్గర ఆయన తల్లి రక్తం లేదు. ఆమె గురించి ఏ కాగితమూ లేదు. "చెప్పలేనండీ. బతికేదేమో. చెప్పలేను" అన్నాను. నాలుగేళ్ళు చదివిన చదువులో అంతకంటే నిజమైన మాట దొరకలేదు.

రాజ్యలక్ష్మి గారు అన్నగారి వైపు చూశారు. "అయితే అమ్మ పుణ్యంతో పోలేదా అన్నయ్యా? ఆకలితో పోయిందా?"

కోటమ్మ గారే బదులిచ్చారు. "మీ అమ్మ దేవుడి కాడికే పోయిందే. అందులో అనుమానం లేదు. నువ్వు మాత్రం అన్నం కాడికి రా."

తూర్పున చుక్క పొడిచింది. ముందుగా చూసింది చిన్నపిల్ల. కోటమ్మ గారు చుక్కకు దణ్ణం పెట్టి, లేచి, మొదటి ముద్ద కోడలికే పెట్టి, తర్వాత తాను తిన్నారు.

తాడేపల్లి: వంతెన మీద

మంగళవారం రాజ్యలక్ష్మి గారిని గుంటూరులో చేర్పించి, సాంబయ్య గారికి నమస్కారం పెట్టి బెజవాడ బస్సెక్కాను. తాడేపల్లి దాటి కృష్ణ వంతెన మీదికి రాగానే కిటికీల్లోంచి అందరూ రూపాయి బిళ్ళలు విసిరారు. పొద్దున గుంటూరులో మళ్ళీ నింపుకున్న ఐసు నా పెట్టెలో సగం కరిగింది. ఊక వల్ల ఆ మిగతా సగం నిలిచింది. నేనూ ఒక రూపాయి విసిరాను.

ఆ వంకర చీటీ గొట్టంలో చక్కెర నలభైకి దిగువన ఉంది. ఇన్సులిన్ మాత్రం అన్నం తిన్నవారికి ఉన్నట్లు ఉంది. వీరయ్య గారి గ్యాస్ట్రిన్ కథ తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. చెల్లెలికి ఆపరేషన్ అయింది. క్లోమం తోకలో శనగగింజంత కణితి దొరికింది. ఇలాంటి కుటుంబాలలో ఒకటి తీసినా మరొకటి మొలవవచ్చు. అందుకని ఏటేటా రక్తం చూడాలి. పిల్లలిద్దరికీ కూడా, ఈసారి కాఫీ లేకుండా.

ఆ తర్వాత మా విభాగంలో రక్తానికి వెళ్ళే ముందు అడిగే కాగితాన్ని నేను మళ్ళీ రాశాను. పరగడుపున రమ్మని చెప్పే వాక్యానికి పైన ఇప్పుడు ఒక ప్రశ్న ఉంది: మీ ఇంట్లో ఉపవాసం పడనివారు ఎవరు? దాన్ని ఇంటి పెద్దావిడను అడగాలని కింద రాసి పెట్టాను.

మరుసటి కార్తీకం ముందు కోటమ్మ గారు నాకు ఫోను చేశారు. "ఒక్క సోమవారం ఉంటానంటోందమ్మా. ఉండనియ్యొచ్చా?"

డాక్టరు గారిని అడిగి చెప్పాను. చక్కెర చూసుకుంటూ, మధ్యాహ్నం వరకు ఉండవచ్చు.

"మధ్యాహ్నం దాకా తనుంటది. ఆ తర్వాత నేనుంటా" అన్నారు ఆవిడ. "డబ్బా మాత్రం ఉట్టి మీద నించి దించను."